ఆనందానికి కొలత ఎవరు పెట్టారు? – రోహిణి నది నుంచి చవదార్ చెరువు దాకా



ఈ వారం రాయాల్సింది వెట్టి గురించి. పోయిన భాగంలో మాటిచ్చాను, సగం రాశాను కూడా. ఈలోగా ఒక విద్యార్థి ప్రశ్న అడ్డం పడింది. వాళ్ళ హాస్టల్‌కి ఎవరో వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ణి పిలిపించి మూడు గంటలు క్లాసు చెప్పించారట. సంతోషం బయట ఎక్కడా లేదు, నీ మనసులోనే ఉంది, కోరికలు తగ్గించుకో, ఉన్నదాంతో తృప్తిపడు. మూడు గంటల సారాంశం ఇదే. ఎండాకాలం వస్తే ఆ హాస్టల్ బాత్‌రూముల్లో నీళ్ళుండవు. ఆ రాత్రి ఆ పిల్లాడు నాకు మెసేజ్ పెట్టాడు: "సార్, సంతోషం మనసులోనే ఉంటే బాబాసాహెబ్ చెరువు దగ్గరికి ఎందుకు పోయినట్టు?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. "అది హక్కుల పోరాటం తమ్ముడూ, ఇది వేరే విషయం" అని దాటెయ్యొచ్చు. అలా దాటేస్తే సంతోషం అనే మాటను మనంతట మనమే వాళ్ళకి రాసిచ్చినట్టవుతుంది. హక్కులు మనకి, ఆనందం వాళ్ళకి. నాకు ఆ పంపకం ఇష్టం లేదు. అందుకే వెట్టిని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ముందు కొలత సంగతి చూద్దాం. మన దేశంలో ఆనందాన్ని లెక్కగట్టి చూపిన పాత గ్రంథాల్లో తైత్తిరీయోపనిషత్తు ఒకటి. అందులో బ్రహ్మానందవల్లి అనే భాగం ఉంది. తెలుగు ఎం.ఏ.లో అలంకారశాస్త్రం పాఠంలో రసానందాన్ని బ్రహ్మానందానికి తోబుట్టువు అని చెబుతారు కదా, ఆ బ్రహ్మానందం గురించి విస్తారంగా మాట్లాడిన చోటు ఇది. అక్కడ ఆనందానికి ఒక యూనిట్ పెట్టారు. తూకానికి కేజీ ఉన్నట్టు. ఆ ఒక్క యూనిట్ ఏమిటంటే: ఒక యువకుడు ఉన్నాడు, మంచివాడు, అధ్యయనం చేసినవాడు, దృఢమైన ఒళ్ళున్నవాడు, బలవంతుడు. సమస్త సంపదతో నిండిన ఈ భూమి అంతా అతనిదే. అతనికి కలిగే ఆనందం మానుషానందం, అంటే మనిషి ఆనందం, ఒకటి. దానికి వంద రెట్లు మనుష్య గంధర్వుడిది. దానికి వంద రెట్లు దేవ గంధర్వుడిది. అలా పితృదేవతలు, దేవతల్లో రకరకాల అంతస్తులు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి దాటి బ్రహ్మ దాకా పది మెట్లు. ఒక్కో మెట్టుకీ వంద రెట్లు.

దీన్ని సమర్థించేవాళ్ళు ఒక మాట చెబుతారు. లోకంలోని సుఖం ఎంత చిన్నదో చూపడానికే ఈ లెక్క, భూమి అంతా ఉన్నవాడి సుఖం కూడా బ్రహ్మానందం ముందు ధూళి అని దాని ఉద్దేశం అంటారు. నిజమే, ఉద్దేశం అదే. నేను చూస్తున్నది పై మెట్టుని కాదు, కింద మెట్టుని. మనిషి ఆనందం అనగానే ఆ ఋషికి తట్టిన మనిషి ఎవరు? ఆడది కాదు, ముసలివాడు కాదు, రోగి కాదు. భూమి లేనివాడు అసలే కాదు. చదువుకున్నవాడు, అంటే ఆ కాలంలో వేదాధ్యయనం చేసినవాడు. కొలత మొదలయ్యేదే అక్కడ. అతనికి కింద సున్నా కూడా లేదు. కింద ఉన్నవాళ్ళు లెక్కలోకే రారు.

ఇంకో విషయం ఉంది. రెండో మెట్టు నుంచి పై దాకా ప్రతిచోటా ఒక పల్లవి వస్తుంది: కోరికలు అంటని శ్రోత్రియుడికి కూడా ఇంతే ఆనందం దక్కుతుంది అని. శ్రోత్రియుడు అంటే వేదం నేర్చినవాడు. గమనించండి, కోరికలు వదులుకుంటే చాలదు, వేదం కూడా వచ్చి ఉండాలి. మరి వేదం ఎవరికి వస్తుంది? శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన సీసమో లక్కో పొయ్యమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో శూద్రుడికి బ్రహ్మవిద్యలో అధికారం లేదని వాదిస్తూ అదే నియమాన్ని ఉదహరించాడు. శూద్రుడికే దిక్కు లేనప్పుడు ఊరి బయట ఉన్న మనకెక్కడిది? మనం జన్మజన్మలుగా కోరికలు లేకుండానే బతికాం. ఆ లెక్కన ఈ పాటికి బ్రహ్మానందం మాలమాదిగపల్లెల్లో గుట్టలు పడి ఉండాలి.

మనుస్మృతి సంగతి మీకు తెలుసు కాబట్టి మూడు విషయాలు మాత్రం గుర్తు చేసి వదిలేస్తాను. పదో అధ్యాయంలో చండాలురు ఊరి బయట ఉండాలని, పగిలిన కుండల్లో తినాలని, శవాల మీది బట్టలు కట్టుకోవాలని, కుక్కలూ గాడిదలే వాళ్ళ ఆస్తి అని ఉంది. అదే అధ్యాయంలో శూద్రుడు సమర్థుడైనా సంపద కూడబెట్టకూడదని, శూద్రుడి దగ్గర డబ్బుంటే బ్రాహ్మణుడికి బాధ అని ఉంది. ఒకడి సుఖం ఇంకొకడి బాధ అని ఇంత విప్పి చెప్పిన వాక్యం నేను వేరేచోట చూడలేదు. మూడోది రెండో అధ్యాయంలోది, పేర్ల గురించి. బ్రాహ్మణుడి పేరులో శుభం ఉండాలి, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం, శూద్రుడి పేరులో హీనత. ఈ మూడోది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఇంకో కొలత. అంగుత్తర నికాయంలో బుద్ధుడు అనాథపిండికుడితో గృహస్థుడి సుఖాల గురించి మాట్లాడే చిన్న సుత్తం ఉంది. నాలుగు సుఖాలు చెప్పాడు. మొదటిది అత్థి సుఖం: చేతిలో ఏదో ఒకటి ఉందన్న సుఖం. అయితే ఆ ఉన్నది ఎలా వచ్చింది? కష్టపడి, చేతుల బలంతో, చెమటోడ్చి, న్యాయంగా సంపాదించినదై ఉండాలి. రెండోది భోగ సుఖం: ఆ సంపాదించినదాన్ని తను తిని నలుగురికీ మంచి చేసే సుఖం. మూడోది అనణ సుఖం. అనణ అంటే సంస్కృతంలో అనృణం, అప్పు లేకపోవడం. చిన్నదైనా పెద్దదైనా ఎవరికీ బాకీ లేనన్న సుఖం. నాలుగోది అనవజ్జ సుఖం: మనసా వాచా కర్మణా తప్పు చెయ్యలేదన్న సుఖం. మొదటి మూడూ కలిపినా ఈ నాలుగోదానిలో పదహారో వంతుకి రావని ముగిస్తాడు.

పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ మొదటి మెట్టు, భూమి అంతా నాదే. ఇక్కడ మొదటి మెట్టు, నా చేతుల కష్టం నాకు దక్కింది. అక్కడ భూమి ఎలా వచ్చిందన్న ప్రశ్నే లేదు. ఇక్కడ ఆ ప్రశ్నతోనే సుఖం మొదలవుతుంది. పైగా అప్పు. ఆనందం గురించి మాట్లాడుతూ అప్పు ఊసెత్తిన తత్వవేత్త అంటే నాకు అందుకే గౌరవం. ఏడాది పాలేరుతనానికి ఒప్పుకున్న రోజు ముందుగా తీసుకున్న డబ్బు కొడుకు చేతికి, మనవడి చేతికి బాకీగా దిగిన ఇళ్ళు మన వాడల్లో ఎన్ని! వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది 1976లో. అంటే దేశానికి స్వతంత్రం వచ్చిన ఇరవై తొమ్మిదేళ్ళకు గానీ, అప్పు పేరు చెప్పి మనిషిని కట్టేసుకోవడం నేరమని కేంద్రం చట్టం చెయ్యలేదు. అనణ సుఖం అనే మాట ఆ ఇంట్లోవాళ్ళకి వివరించాల్సిన పనిలేదు.

ఇంత మంచి సుత్తం ఎవరికి చెప్పాడు? శ్రావస్తిలో కోటీశ్వరుడైన వ్యాపారికి. వినయపిటకం తెరిస్తే ఇంకో చేదు విషయం కనబడుతుంది. అప్పు ఉన్నవాడికి, దాసుడికి సంఘంలో ప్రవేశం లేదు. అప్పులవాళ్ళు, యజమానులు గొడవకి వచ్చినప్పుడు సంఘం వెనక్కి తగ్గి పెట్టుకున్న నియమాలవి. బౌద్ధం మీద ప్రేమతో దీన్ని దాచాల్సిన అవసరం మనకి లేదు. అదే సంఘంలో పాకీపని చేసుకునే సునీతుడు ఉన్నాడు, క్షురకుడు ఉపాలి ఉన్నాడు. కులానికి తలుపు తీసిన చోటే అప్పుకి తలుపు మూశారు. రెండూ చరిత్రే.

తర్వాత దాదాపు రెండు వేల ఏళ్ళు దాటి కాశీకి పోదాం. 15, 16 శతాబ్దాల నాటి రవిదాసు, చెప్పులు కుట్టే చమార్. ఆయన పదాలు నలభై దాకా సిక్కుల ఆదిగ్రంథంలో చేరాయి. అందులో ఒకటి బేగంపురా. బే-గమ్-పుర, అంటే గమ్ లేని ఊరు. హిందీ పాటలు వినేవాళ్ళకి గమ్ అంటే తెలుసు, దుఃఖం. ఆ ఊళ్ళో ఏముందో ఆయన చెప్పిన తీరు చూడాలి. దేవుడు ప్రత్యక్షమవుతాడనీ, అమృతం పారుతుందనీ కాదు. పన్ను కట్టాలన్న దిగులు లేదు. రెండో రకం మూడో రకం మనిషి లేడు. ఎక్కడ తిరగాలనుకుంటే అక్కడ తిరగొచ్చు, ఎవడూ అడ్డుకోడు. ఆ ఊరివాడే తన మిత్రుడు అంటాడు. కాశీ లాంటి నగరంలో, మోక్షం అమ్ముడుపోయే చోట కూర్చుని ఒక చర్మకారుడు కోరుకున్న ఆనందం ఇది: అడ్డూ ఆపూ లేకుండా వీధిలో నడవడం. మనసులో సంతోషం ఉందా లేదా అన్నది ఆయన సమస్య కాదు. ఆయన భక్తుడు, మనసులో కావలసినంత ఉంది. లేనిది ఊళ్ళో.

1948లో అంబేడ్కర్ 'అంటరానివారు ఎవరు' అని పుస్తకం రాసినప్పుడు దాన్ని ముగ్గురికి అంకితమిచ్చాడు. నందనారు, రవిదాసు, చోఖామేళ.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. సుఖాన్ని వెతుక్కోవడం మనిషి హక్కు అని రాజకీయ పత్రంలో రాసుకున్న దేశం అమెరికా, 1776లో. మన పిల్లలు కాంపిటీటివ్ పరీక్షలకి బట్టీ పట్టే మాటే. ఆ మాట రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా నల్లజాతి బానిసలకు యజమాని. ఆ సుఖం వెతుకులాటలో వాళ్ళు వెతికేవాళ్ళు కారు, వాళ్ళే ఆ సుఖం. అమెరికా గురించి ఎవరు పొగిడినా నాకు ముందు ఇది గుర్తొస్తుంది. కానీ జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి'ని అంకితమిచ్చింది ఆ దేశంలోనే బానిసత్వం రద్దుకు పాటుపడిన మంచివాళ్ళకి. ఒకే దేశంలో ఎవరికి దండం పెట్టాలో ఆయనకి తెలుసు.

ఫూలే చివరి పుస్తకం 'సార్వజనిక సత్యధర్మ'. 1888లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో రాశాడు. 1890 నవంబరులో చనిపోయాడు, మరుసటి ఏడు పుస్తకం అచ్చయింది. సంభాషణగా సాగే ఆ పుస్తకం మొదలయ్యేదే సుఖం గురించిన ప్రశ్నతో. ఈ లోకంలో మనిషి దేనివల్ల సుఖపడతాడు అని ఒకరు అడుగుతారు. సత్యంగా నడుచుకోకుండా సుఖం రాదు అంటాడు జోతిరావు. పైపైన చూస్తే ఇది మన బడి గోడల మీద రాసే సూక్తిలాగే ఉంటుంది. కానీ చదువుకుంటూ పోతే ఆయన సత్యవర్తన అంటే ఏమిటో తెలుస్తుంది. ఆడామగా అందరూ పుట్టుకతో స్వతంత్రులు అని ఒప్పుకోవడం, దానికి తగ్గట్టు నడవడం. ఆయన ఊరికే రాయలేదు. 1868లో తన ఇంటి బావిని అంటరానివాళ్ళకి తెరిచాడు. మాలి కులంలో పుట్టినవాడు, ఆ రోజుల్లో పూనాలో! నీళ్ళ కథ ఇక్కడ మొదలవుతుంది.

నీళ్ళు. మీరు బాబాసాహెబ్ జీవితాన్ని ఎటు నుంచి చదివినా నీళ్ళే తగులుతాయి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన రాసుకున్నాడు. బడిలో దాహం వేస్తే కుళాయి తాకకూడదు, ప్యూను వచ్చి తిప్పాలి. ప్యూను రాకపోతే నీళ్ళు లేవు. 1901లో, తొమ్మిదేళ్ళవాడు, అన్నతో, ఇంకా ఇంటి పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే గోరేగావ్‌కి ప్రయాణం. మసూర్ స్టేషన్‌లో దిగారు. తండ్రి పంపిన మనిషి రాలేదు, ఉత్తరం అందలేదు. మహార్లమని చెప్పగానే స్టేషన్ మాస్టర్ మొహం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒక బండివాడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలాలి, అతను పక్కన నడుస్తాడు. అర్ధరాత్రి టోల్ దగ్గర ఆగారు. డబ్బాల్లో తిండి కావలసినంత ఉంది. తాగడానికి నీళ్ళు లేవు. నీళ్ళు లేక ఆ రాత్రి తినకుండానే పడుకున్నారు. ఒంటి మీద మంచి బట్టలు, చేతిలో డబ్బులు, డబ్బాలో అన్నం. దీన్ని పేదరికం అనలేం. అందుకే ఇది ముఖ్యం. మన దుఃఖానికి డబ్బు ఒక్కటే మందు అనుకునేవాళ్ళకి ఆ టోల్‌గేట్ దగ్గరి రాత్రి జవాబు చెబుతుంది.

ఇప్పుడు 1926కి రండి. ఆ ఏడాది జులైలో చిన్నకొడుకు రాజరత్న చనిపోయాడు. అంతకుముందే ముగ్గురు పిల్లలు పోయారు. నలుగురిని మట్టి చేశాక మిగిలింది యశ్వంత్ ఒక్కడే. పిల్లలతోపాటు బతుకులో రుచి పోయిందని ఆయన ఒక మిత్రుడికి ఉత్తరం రాసుకున్నాడు. వ్యక్తిగత సంతోషం అనేదాన్ని కొలిస్తే ఆ మనిషి దగ్గర ఆ రోజు ఏమీ లేదు. ఎనిమిది నెలలు తిరిగాయి. 1927 మార్చి 19, 20 తేదీల్లో ఆయన మహాడ్‌లో ఉన్నాడు.

మహాడ్ కథ మీలో చాలామందికి తెలుసు. తెలియని రెండు మూడు వివరాలు చెబుతాను. బహిరంగ నీటి వనరులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ 1924లో చవదార్ చెరువు తెరుస్తున్నామని తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు మనదే. మూడేళ్ళు గడిచినా ఒక్కరూ దోసెడు నీళ్ళు ముంచలేకపోయారు. సభకు వచ్చిన వేలమంది కోసం నలభై రూపాయలు పెట్టి నీళ్ళు కొన్నారు. మళ్ళీ చదవండి: ఊళ్ళో చెరువు, చట్టంలో హక్కు, చేతిలో కొనుక్కున్న నీళ్ళు. మార్చి 20న ఊరేగింపుగా వెళ్ళి బాబాసాహెబ్ చెరువు నీళ్ళు తాగాడు, వెనకాల అందరూ తాగారు. తర్వాత గుళ్ళోకి వస్తారట అన్న పుకారు లేపి కర్రలతో కొట్టారు. ఆ పైన చెరువు మైలపడిందని పేడ, పంచితం, పెరుగు కలిపిన 108 కుండలు పోసి శుద్ధి చేసుకున్నారు. పశువు మూత్రంతో శుభ్రమయ్యే నీళ్ళు మనిషి చేతితో మురికవుతాయి.

డిసెంబరు 25న రెండో సభ, మనుస్మృతి తగలబెట్టిన సభ. అక్కడ బాబాసాహెబ్ చేసిన ప్రసంగంలో మన విద్యార్థి ప్రశ్నకి సరిగ్గా జవాబు ఉంది. ఆయన చెప్పినదాని సారం ఇది: ఈ చెరువు నీళ్ళు తాగకపోతే ఇన్నాళ్ళూ మనం చచ్చిపోలేదు. తాగితే అమరులమైపోయేదీ లేదు. మనమూ మనుషులమేనని చెప్పడానికి వెళ్తున్నాం. ఈ సభను ఆయన 1789 నాటి ఫ్రెంచి జాతీయ సభతో పోల్చాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి, ఎందుకంటే మనవాళ్ళలో కొందరు హడావుడిగా ఇంకో గట్టుకి దూకుతారు. మనసు, శాంతి, ఆనందం అంతా బూటకం, కూడు గుడ్డ చాలు అంటారు. బాబాసాహెబ్ అలా అనలేదు. దాహం తీరడానికే అయితే కొనుక్కున్న నీళ్ళు చాలు. ఆయన వెళ్ళింది మనసు కోసమే. కాకపోతే ఆ మనసుకు కావలసింది తన లోపల దొరకదు, ఎదుటివాడి చూపులో, చెరువు మెట్ల మీద, చట్టంలో, ఊరి మధ్య దొరుకుతుంది. వ్యక్తిత్వ వికాసంవాళ్ళు మనసుని ఒంటరిగా గదిలో కూర్చోబెడతారు. ఆయన దాన్ని ఊళ్ళోకి తీసుకుపోయాడు. హైకోర్టు తీర్పు మనవైపు రావడానికి మాత్రం పదేళ్ళు పట్టింది, 1937 మార్చి దాకా.

ఆయన జీవితం చివర రాసిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' 1957లో, ఆయన పోయాక అచ్చయింది. ముందుమాటలోనే ఒక గట్టి ప్రశ్న వేశాడు. బతుకు దుఃఖం, చావు దుఃఖం, మళ్ళీ పుట్టడం దుఃఖం అయితే మనిషికి సుఖం ఎక్కడ? ఏ మతమూ ఏ లోకమూ అతన్ని సుఖపెట్టలేదన్నమాటే కదా. అలాంటి మాట బుద్ధుడే చెప్పాడా, తర్వాత భిక్షువులు చేర్చారా? మామూలు పండితుడైతే ఈ ప్రశ్న వెయ్యడానికి భయపడతాడు. లక్షల మందిని వెంటబెట్టుకుని ఆ మతంలోకి వెళ్తున్నవాడు కాబట్టి ఈయన వెయ్యక తప్పలేదు. దుఃఖమే సత్యం అని చెబితే, అది మనవాళ్ళకి పాత కర్మ సిద్ధాంతానికి కొత్త చొక్కా తొడిగినట్టే.

ఇంకో మార్పు చేశాడు. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడన్నది మనం చిన్నప్పటి నుంచి విన్న కథ. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి అంతవరకు ముసలివాణ్ణే చూడలేదంటే నమ్మేదెలా అని అడిగి, ఆ కథను పక్కన పెట్టాడు. ఆయన పుస్తకంలో సిద్ధార్థుడు ఇల్లు వదిలింది రోహిణి నది నీళ్ళ వల్ల. శాక్యులు, కోలియులు ఆ నీళ్ళ కోసం కొట్లాడుకుంటారు. శాక్య సంఘం యుద్ధానికి తీర్మానిస్తే సిద్ధార్థుడు వద్దంటాడు, ఓట్లలో ఓడిపోతాడు, దేశం వదిలి పరివ్రాజకుడవుతాడు. పాళీ సంప్రదాయంలో రోహిణి తగాదా ఉంది, కానీ అది బుద్ధుడయ్యాక తీర్చిన తగాదా. గృహత్యాగానికి దాన్ని ముడిపెట్టే ఆలోచన ధర్మానంద కోశాంబి రచనల్లో అప్పటికే ఉంది. అంబేడ్కర్ దాన్నే పునాదిగా ఎందుకు తీసుకున్నాడో వేరే చెప్పాలా? చావుని చూసి పారిపోయిన రాజకుమారుడు మనకి దగ్గరవాడు కాలేడు. నీళ్ళ కోసం మనుషులు మనుషుల్ని చంపుకోకూడదన్నవాడు అవుతాడు. ప్యూను కోసం ఎదురుచూసిన పిల్లాడు, చవదార్‌లో దెబ్బలు తిన్న జనం ఆ బుద్ధుణ్ణి గుర్తుపడతారు. సంప్రదాయ బౌద్ధులు కొందరు ఇది బుద్ధుడి ధమ్మం కాదు, అంబేడ్కర్ ధమ్మం అన్నారు. అనుకోనివ్వండి. అనాథపిండికుడికి చెప్పిన ఆ నాలుగు సుఖాలు మాత్రం ఆయన వదల్లేదు, గృహస్థులకు చెప్పిన ఉపదేశాల్లో మొట్టమొదట వాటినే పెట్టాడు, అప్పులేని సుఖంతో సహా.

మన తెలుగు నేల సంగతి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1913లోనే బుద్ధ జయంతి జరిపించాడు, నాగపూర్ దీక్షకి నలభై మూడేళ్ళ ముందు. 1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడి దుఃఖం భార్యకి దూరమవడం. జాషువా నాయకుడి దుఃఖం ఆకలి, అంటరానితనం. దుఃఖం మారితే కావ్యానికి కావలసిన సుఖం కూడా మారిపోతుందని తెలుగు కవిత్వానికి ఆయన చూపించాడు. మా డిపార్టుమెంట్లలో ఈ పోలికను ఛందస్సు దగ్గర ఆపేస్తారు.

ఇప్పుడు పేర్ల సంగతి. మన అమ్మమ్మల ఆశీర్వాదాలు గుర్తు చేసుకోండి. చల్లగా ఉండు, నీ కడుపు చల్లగుండ. ఆనందంగా ఉండు అని మా వాడలో ఏ ముసలమ్మా అనగా నేను వినలేదు. ఎండలో పనిచేసేవాళ్ళకి సుఖం అంటే చల్లదనం. ఆనందం అనే సంస్కృత మాట మన వాడల్లోకి వేరే దారిన వచ్చింది, మనుషుల పేర్లుగా. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని కల్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళని నడిపించినవాళ్ళలో తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య, ముందున్నాడు. ఇలాంటి వాడల్లో ఆ తర్వాత తరాల పేర్లు చూడండి. పెంటయ్య, పిచ్చయ్య, కుక్కయ్య ఉన్నచోట సంతోషం, ఆనందం, రత్నం, కరుణ, దీవెన వచ్చాయి. మనువు రెండో అధ్యాయంలో హీనమైన పేరు పెట్టుకోమన్నాడని చెప్పాను కదా. కూలికి పోయే తల్లి కూతురికి సంతోషమ్మ అని పేరు పెట్టి ఊరి నడివీధిలో గట్టిగా పిలిచింది. ఊళ్ళోవాళ్ళు ఆ పేరును కూడా విరిచి "ఒసే సంతోసీ" అనే పిలిచేవారు. అయినా పిలవక తప్పలేదు. చర్చి మీద నాకు పేచీలు ఉన్నాయి, ఈ సిరీస్‌లో రాశాను. పేర్ల విషయంలో మాత్రం లేవు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష. మర్నాటి ప్రసంగంలో బాబాసాహెబ్ పేదవాడికి మతం ఎందుకు అవసరమో చెప్పాడు. కడుపు నిండినవాడికి మతం అక్కర్లేదేమో గానీ పేదవాడు ఆశ మీద బతుకుతాడు, ఆశ పోతే బతుకే పోతుంది అన్నది దాని సారం. ఆశ అంటే ఆయన దృష్టిలో వచ్చే జన్మలో వచ్చేది కాదు. చుట్టూ లక్షల మంది, తెల్లబట్టలు. మైదానంలోని వాళ్ళలో చాలామంది ఆ రోజుని పండగలాగే చెప్పుకున్నారు. ఒక్కరి జీతం పెరగలేదు, ఒక్కరికి ఎకరం భూమి రాలేదు. ఆ సంతోషాన్ని మీరు ఏ కొలతలో పెడతారు? ఆ తర్వాత ఏడు వారాలు మాత్రమే ఆయన బతికాడు.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత, 1985 జులై 16న, చీరాల పక్కన కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర గొడవ. తాగేనీళ్ళు మురికి చెయ్యొద్దని అడగడం, అడిగినవాళ్ళ మీద చెయ్యి లేవడం, ఒక మాదిగ స్త్రీ నీళ్ళ బిందె ఎత్తి అడ్డుకోవడం. మర్నాడు తెల్లవారి ఊరు వాడ మీద పడింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాలకి పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ప్రభుత్వం తిరిగి కారంచేడు పొమ్మంటే పోలేదు, చీరాలలోనే ఇళ్ళు కావాలని పట్టుబట్టారు. అక్కడే కాలనీ లేచింది, దళిత మహాసభ పుట్టింది. ఆ బిందె ఎత్తిన చెయ్యి ఎవరిదో మన ఉద్యమానికి తెలుసు. చంపుతారని తెలిసిన ఊళ్ళో ఆ క్షణంలో ఆమె చేసినదాన్ని నేను చాలాకాలం ధైర్యం అనే రాస్తూ వచ్చాను. ఇప్పుడు దానికి అనవజ్జ సుఖం అనే పేరు కూడా పెట్టొచ్చనిపిస్తోంది. తప్పు జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేదన్న సుఖం, బుద్ధుడు మిగతా మూడింటికీ పైన పెట్టినది. పాళీ పండితులు ఒప్పుకుంటారో లేదో, కామెంట్లలో మాట్లాడుకుందాం.

వెట్టి భాగం వచ్చే ఆదివారం. అనణ సుఖం దగ్గర నుంచే మొదలుపెడతాను. మీ ఇళ్ళల్లో పాలేరుతనం పత్రాలు, తాకట్టు కాగితాలు ఏమైనా మిగిలి ఉంటే, పేర్లు కనబడకుండా ఫొటో తీసి పంపండి.